ఒకే ఫీడరు

నెల మొదట్లో ఐదు రోజులు
చీమకుర్తిలో కర్నూలు రోడ్డు నా బీటు.
భుజాన మిషను, జేబులో కాగితం చుట్ట.
కుక్కలకు నేనంటే పడదు,
మనుషులకు నా మిషన్లోంచి దిగే చీటీ అంటే.

ముందు జాలోరు వాళ్ల ఇల్లు.
కింద టైల్సు దుకాణం, పైన మూడంతస్తులు,
నలుగురన్నదమ్ముల పేర్ల మీద నాలుగు మీటర్లు,
ఏ ఒక్కటీ శ్లాబు దాటదు.
పుఖ్‌రాజ్ సేటు మజ్జిగ ఇప్పిస్తాడు.
"మా తాత ఒక్క చెంబుతో దిగాడు బాబూ, ఒంగోలు స్టేషన్లో."
ఏటా చెబుతాడు. అబద్ధం కాదు.
చెంబుతోపాటు కార్డు ముక్క కూడా ఉందని
ఒకసారి మాటల్లో జారింది:
ట్రంకు రోడ్డులో మేనమామ కొట్టు అడ్రసు.
ఆ కొట్టులో బట్టల మూటల మధ్య మూడేళ్లు పడుకున్నాడట.
నాలుగో ఏడు మామ ఒక తాను చేతిలో పెట్టి
"అమ్మినాక ఇవ్వు" అన్నాడట.
అమ్మినాక ఇవ్వు.
రెండు మాటల పునాది,
పైన మూడంతస్తులు.

దుకాణం వెనక్కి తిరిగితే పాలిషింగు యూనిట్టు.
గాలి నిండా తెల్లటి పొడి,
రామతీర్థం కొండ నుంచి తెచ్చిన నల్లరాయి
నీళ్లు తాగి తాగి చుక్కలు బయటపెడుతుంది.
పక్కన రేకుల షెడ్డు: ఆరు గదులు, ఇరవై తొమ్మిది మంది,
నేను చదివే మీటరు ఒక్కటే, ఓనరు పేరున.
గదుల్లో చిన్న చిన్న మీటర్లు వేరే ఉన్నాయి,
వాటిని చదివేది నేను కాదు.
యూనిట్టు పన్నెండు రూపాయలట.
నా మిషను ఆ రేటు ఎరగదు.

పేరడిగితే దుర్యోధన్ అన్నాడు, దుర్యోధన్ మాఝీ, బలంగీరు.
నవ్వొచ్చింది. మా వైపు ఆ పేరు ఎవరు పెడతారు?
"మా వైపు పెడతారు సార్.
దోస్తుకి రాజ్యం ఇచ్చినోడు గదా."
తిరిగి ఇమ్మనకుండా ఇచ్చాడు, నిజమే.
ఇతనికి మాత్రం, కొత్త బియ్యం పండగ మర్నాడు,
ముఠామేస్త్రీ ముప్పై ఐదు వేలు లెక్కపెట్టి
"ముందు తీసుకో" అన్నాడు.
అవీ రెండే మాటలు.
ఆ డబ్బు మామగారి ఆసుపత్రికి పోయింది.
ఆలుమగలు ప్లాస్టిక్ బకెట్టు పట్టుకుని రైలెక్కారు.
సుకాంతి నీళ్ల పైపు పడుతుంది, ఇతను మిషను తోస్తాడు.
రెండేళ్లయింది. ఇంకా ఎంత ఉందో
మేస్త్రీ పుస్తకానికి తెలుసు.

"కష్టపడితే వాళ్లూ పైకొస్తారు" అంటాడు సేటు,
మంచి మనసుతోనే.
అతని కొట్టులో గేవర్‌చంద్ అని పదహారేళ్ల కుర్రాడున్నాడు,
వాడిదీ జాలోరే,
షట్టరు దించాక అట్టపెట్టెల మధ్య పడుకుంటాడు.
చేతికొచ్చేది దుర్యోధన్ కంటే తక్కువ.
అయినా వాణ్ణి చూసి ఎవరూ అయ్యో అనరు.
వాడు ఎదురుచూస్తున్నాడు.
ఇతను తీరుస్తున్నాడు.

ఫీడరు ఒకటే, పోతే ఇద్దరికీ పోతుంది.
మేడలో ఇన్వర్టరు కూత పెడుతుంది,
షెడ్డులో ఎవరో దగ్గుతారు.

మొన్న దుర్యోధన్ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు.
ఫ్యాను ఆపాడు. బల్బు ఆపాడు.
ఫోను చార్జరు పీకి నా చేతిలో పెట్టాడు.
"ఇప్పుడు చూడు సార్."
చీకట్లో సెల్లు లైటేసి చూశాను.
చక్రం తిరుగుతోంది.
నెమ్మదిగా, తీరిగ్గా,
ఎర్ర గీత వస్తోంది, పోతోంది.
"తప్పేనా?" అన్నాడు.
తప్పే అన్నాను.
ఎవరికి చెప్పాలి అన్నాడు.
నా మిషన్లో దానికి గడి లేదు.

మాది కనిగిరి పక్క.
మా తమ్ముడు మాలకొండయ్య బెంగుళూరులో సెంట్రింగు పని,
వాడిదీ రేకుల గదే, వాడి అడ్వాన్సు కథ వేరే.
ఆ రాత్రి ఫోను చేశాను.
తిన్నావా అని కూడా అడగలేదు.
"ఒరే, మీ గదిలో మీటరుందా?
అన్నీ ఆపి ఒకసారి చూడు."
"ఎందుకన్నా?"
"చూడరా."
మంచం కిర్రుమంది.
స్విచ్చులు ఒక్కొక్కటే పడుతున్న చప్పుడు.